ఎదురింటి గంట

పోయిన నెల అనంతపురంలో మా మనవరాలి కొత్త ఇంట్లో గంట మోగింది. మోగడం విన్నానో లేదో, చెప్పులు లేకుండా వీధిలో నిలబడి ఉన్నాను. మెట్లు ఎట్లా దిగానో నాకే తెలియదు. చేతిలో సగం తుంచిన చిక్కుడుకాయ అట్లాగే ఉంది. వెనకాల మనవరాలు పరుగెత్తుకొచ్చి ఒకటే నవ్వు.

"అవ్వా, యాడికి పోతాండావు? మంటా లేదు, పొగా లేదు. గంట పని చేస్తాదో లేదో చూస్తాండారు, అంతే."

మనవరాలు ధర్మవరం చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతుంది. కింది గది నిండా పట్టే. అందుకని పొగను పసిగట్టే బిళ్ళలు పైకప్పుకు బిగించి, వంటింటికీ చీరల గదికీ మధ్య తలుపుకు అయస్కాంతం పెట్టిస్తోంది. మామూలుగా ఆ తలుపు గోడకు అతుక్కుని తెరిచే ఉంటుంది. గంట మోగగానే అయస్కాంతం దాన్ని వదిలేస్తుంది, తలుపు తనంతట తాను మూసుకుంటుంది. బిగిస్తున్న మనిషి ఇదంతా నాకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పాడు. ఇండ్లలో ఇది కొత్తగా వస్తున్న పద్ధతి అన్నాడు.

కొత్త ఏమీ కాదు. అట్లాంటి తలుపు మా ఇంట్లో ఎనభైల మొదట్లోనే ఉండేది. అది నా వీపుకు ఎన్నిసార్లు తగిలిందో నాకు తెలుసు. నేను వీధిలోకి పరుగెత్తింది భయపడి కాదు. గంట మోగితే నా కాళ్ళు అట్లా పోతాయి. కాళ్ళకు ఆ చదువు చెప్పిన మనిషి ఒకాయన ఉండేవాడు.

ఆయన్ను మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు. ముందు సినిమా సాయిబు అనేవాళ్ళం, తర్వాత గంటల సాయిబు. కదిరిలో సినిమా హాల్లో మిషను నడిపి, అక్కడ ఎవరితోనో తగాదా పడి మా ధర్మవరం వచ్చి, ఫ్యాన్లూ రేడియోలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేస్తూ బతికేవాడు. పొడుగు మనిషి. చెవి మీద స్క్రూడ్రైవరు, నోట్లో బీడీ. ఆ బీడీ ఎప్పుడూ ముట్టించి ఉండేది కాదు. పొద్దున నోట్లో పెట్టుకుంటే సాయంత్రానికి నమిలి పారేసేవాడు. "ముట్టించుకోరాదా అన్నా" అంటే, "నిప్పు మీద నాకు నమ్మకం లేదు మా" అనేవాడు.

ఆయన ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. సినిమా మిషను దగ్గర పనిచేసిన వాడు కదా, ఒక రీలు అయిపోయే వేళకు ఇంకో రీలు ఎక్కించాలి. హాలు వదిలిపెట్టినా ఆ లెక్క ఒంట్లోంచి పోలేదు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచేవాడు, తలుపు దాకా పోయి అటూ ఇటూ చూసి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. మాట్లాడుతూ ఉన్నా అంతే. మాట సగంలో లేచిపోయి, తిరిగి వచ్చి ఆ సగం నుంచే అందుకునేవాడు. మా అత్త ఆయన్ను చూసి, "ఈయప్పకు కింద ముల్లు గుచ్చుకునిందేమో చూడండే" అని ఎగతాళి చేసేది.

కొత్త ఇంటికి పోతే ఎవరైనా ముందు బాగున్నారా అంటారు. ఆయన గడపలో నిలబడి ముక్కు ఎగబీల్చి వాసన చూసేవాడు. తర్వాత "ముందు తలుపు చెప్పు" అనేవాడు. అంటే ఈ ఇంటికి తలుపులెన్ని, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, గడియ లోపలా బయటా. అది చెప్పిందాకా ఫ్యాను కూడా ముట్టుకునేవాడు కాదు. చీర కట్టుకుంటున్న ఆడవాళ్ళ గదిలోకి కూడా తలుపు చూస్తానని తల దూర్చి తిట్లు తిన్నాడు. సిగ్గుపడలేదు. "నాకు చీరెందుకు మా, గొళ్ళెం యాపక్కుండాదో చెప్పు" అన్నాడు.

ఆయన్ను మా ఇంటికి పిలిచింది నేను. ఎందుకు పిలిచానో చెప్పాలి.

మా ఎదురింటి పెద్దాయన మగ్గం మనిషి, మా మాదిరే. ఆయన ఇంట్లో ఒకరోజు దీపం ఒరిగి మంట అంటుకుంది. ఇంట్లో వాళ్ళంతా బయటికి వచ్చేశారు. ఆయనా వచ్చాడు. వచ్చినవాడు వీధిలో నిలబడి, "పడుగు లోపలుండాది" అని ఒక్కమాట అని మళ్ళీ లోపలికి పోయాడు. అంతే. మా వీధిలో మగ్గం నేసేవాళ్ళకు ఇది వివరించాల్సిన పని లేదు. మగ్గం మీద ఉన్న పడుగు షావుకారు ఇచ్చిన పట్టు, ఎవరిదో పెండ్లిచీర. సగం నేసిన చీరను కత్తిరించి చుట్టుకొని వస్తే మాట దక్కుతుంది. వట్టి చేతులతో వస్తే దక్కదు. ఆయన వట్టి చేతులతో కూడా రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ, "నేనైనా అట్లనే పోతాను" అన్నాడు. గొప్పకు అనలేదు. వాన వస్తే గొడుగు తీసుకుంటాను అన్నట్టు అన్నాడు. నేను తలెత్తి ఇల్లు చూశాను. మా ఇంట్లో వంటిల్లు వెనకాల, బోదగడ్డి కప్పిన కొట్టం. మగ్గం ముందర, బండల మిద్దె కింద. మధ్యలో ఒక్క తలుపు. ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. వంటింట్లో నిప్పు పుడితే మగ్గం దాకా రావడానికి అడ్డమేదీ లేదు, ఆ నిప్పుకు ఎదురుపోకుండా మా ఆయన్ను ఆపడానికీ ఏదీ లేదు.

సాయిబును పిలిచి ఈ మాట చెప్పాను. ఆయన వంటింటికీ మగ్గానికీ మధ్య ఒక రీలు సేపు తిరిగాడు. "సినిమా మిషను గదికి రేకు తలుపులుంటాయి మా. లోపల ఫిల్ము అంటుకుంటే దారం తెగి రేకు దానంతటదే పడతాది. జనాలకు మంట కనపడదు, పొగ రాదు. మీ ఇంటికీ అట్లనే చేస్తా" అన్నాడు.

చేశాడు. వంటింటి కప్పు కింద రెండు ఇత్తడి రేకులు బిగించి వాటి మధ్య మైనం ముక్క పెట్టాడు. వేడికి మైనం కరిగితే రేకులు ఒకదానికొకటి తగిలి, టార్చిలైటు సెల్లుల మీద గంట మోగాలి. ఇనుప బోల్టుకు రాగి తీగ చుట్టలు చుట్టి, కరెంటు మీద అయస్కాంతం చేసి గోడకు కొట్టాడు. తలుపుకు తాడు కట్టి, కప్పీ మీదుగా తూకం రాయి వేలాడదీశాడు. అయస్కాంతం పట్టుకున్నంతసేపూ తలుపు తెరిచి ఉంటుంది. గంట మోగిందంటే దానికి కరెంటు తెగుతుంది, తలుపును రాయి లాగేస్తుంది. పని అయినాక తలుపు పైన గోడ మీద ఎర్ర రంగుతో ఏదో రాశాడు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఏం రాసినావన్నా? మాయింట్లో ఎవురికి చదువొస్తాదని?"

"బయటికి అని రాసినా. చదవాల్సిన పని లేదులే. పోతే చాలు."

ఎండాకాలం వచ్చింది. మా అనంతపురం జిల్లా ఎండ సంగతి ఆ కదిరి మనిషికి తెలియదా అంటే తెలుసు, అయినా మైనం పెట్టాడు. మిట్టమధ్యాహ్నం పొయ్యిలో నిప్పు లేకుండానే మైనం కరిగి గంట మోగింది. మరుసటి రోజూ మోగింది. వీధిలో వాళ్ళు, "ఏమప్పా, మీ ఇంట్లో బడి పెట్టినారా?" అని పరాచికాలు. సాయిబు వచ్చి కప్పు కింద చెయ్యి పెట్టి చూసి, "ఎండకు బుద్ధి లేదు" అని ఎండను తిట్టాడు. తన తప్పని మాత్రం అనలేదు. మైనం తీసేసి, పాత ఇస్త్రీపెట్టెలో వేడికి వంగే రేకు ఉంటుందే, దాన్ని తెచ్చి పెట్టాడు. అది కుదిరింది.

కరెంటుతో ఇంకో తంటా. కరెంటు పోయిన ప్రతిసారీ అయస్కాంతం చచ్చిపోయి తలుపు ధబామని పడేది. ఆ రోజుల్లో కరెంటు ఉండేదెప్పుడు, పోయేదెప్పుడు? నేను గంజి గిన్నె పట్టుకుని వస్తుంటే వీపు మీద పడేది. మా అత్తకు ఒకసారి మోచేతికి తగిలింది. సాయిబు రాగానే అందుకుంది.

"ఏమప్పా సాయిబూ, నిప్పుతో సచ్చేది ఎప్పుడో, నీ తలుపుతో ఈ పొద్దే సచ్చేటట్టుండానే! తీసెయ్ దీన్ని."

"కరెంటు పోతే ఏం చేస్తావవ్వా?"

"ఏం చేస్తాను? బుడ్డీ ముట్టిస్తాను."

"ఆ, బుడ్డీ ముట్టిస్తావు. మంట పుట్టేది అప్పుడే గదా. తలుపు మూసుకోవాల్సింది గూడా అప్పుడే. నా మాగ్నెట్టుకు ఉండే బుద్ధి నీకు లేదు."

మా అత్త నోరు మూయించిన మనిషి మా వంశంలో ఆయనొక్కడే. ఆమె తలుపు తీసెయ్యమనడం మానేసింది. ఆయనకు ఉప్మా పెట్టడం కూడా కొన్నాళ్ళు మానేసింది.

అసలు సంగతి పరీక్ష రోజున బయటపడింది. సాయిబు నా ఒక్కదానికే చెప్పి, ఎవరికీ తెలియకుండా ఒక పొద్దున వంటింట్లో పట్టకారుకు గుడ్డ చుట్టి ముట్టించి ఆ రేకు కింద పట్టాడు. గంట మోగింది. తలుపు పడింది. ఆయన గుడ్డను నీళ్ళలో ముంచేసి, "రా మా, మీ ఆయన ఎంత బిరీన బయటికొస్తాడో చూద్దాం" అని పెరటి దారిన పరుగు. నేను వెనకాలే. సందు తిరిగి ఇంటి ముందుకు వచ్చాం.

వీధిలో ఎవరూ లేరు.

గడప దగ్గరికి పోయి తొంగి చూశాం. లోపల గంట మోగుతూనే ఉంది. మా ఆయన మగ్గం గుంతలో నిలబడి పడుగు మీద కత్తెర పెట్టి ఉన్నాడు. అత్త పట్టుదారం చుట్టిన కండెల బుట్టను రెండు చేతులా కావలించుకుని ఆయన పక్కనే నిలబడింది. వీధి వాకిలి వాళ్ళ వీపు వెనకాల బార్లా తెరిచి ఉంది. ఇద్దరిలో ఒక్కరూ దాని వైపు చూడలేదు.

"ఆపన్నా! కత్తిరించొద్దు! ఉత్తదే!" అని సాయిబు అరిచాడు. కత్తెర ఆగింది. సాయిబు మోగుతున్న గంట వైపు చెయ్యి చూపించాడు. "గంట కొట్టింది బయటికి రమ్మని గదప్పా. మీరు లోపలికి పోతాండారే!"

"మగ్గం లోపలుండాది గదా" అన్నాడు మా ఆయన.

"నువ్వు గూడా లోపలే ఉండావు!"

"నేను లేకపోతే పడుగు ఎవురు తీస్తారు?"

సాయిబు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒక రీలు సేపు దాటింది, లేవలేదు. ఇంకో రీలు సేపూ దాటింది. నాకు భయమేసింది. నా భయం ఆయన గురించి ఒకటి, ఇంకొకటి నా గురించి. మా ఆయన అన్నం ముందు అన్న మాట నేను అప్పటిదాకా చెవులతోనే విన్నాను. ఆ పొద్దు కండ్లతో చూశాను. సాయిబు లేచి, పనిముట్ల సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు కనపడలేదు. మళ్ళీ వచ్చినప్పుడు భుజాన పెద్ద వైరు చుట్ట. గడపలో నిలబడి వాసన చూడలేదు, తలుపు అడగలేదు. నేరుగా లోపలికొచ్చి గోడకు ఉన్న గంట ఊడబీకాడు.

"ఏమన్నా, ఇంగ వద్దనుకున్యావా?" అన్నాను.

"హాల్లో ఎవురన్నా మంట అని అరిస్తే జనం ముందు తలుపు చూడరు మా. పక్కనోని మొగం చూస్తారు. అది మర్చిపోయినా నేను. తన ఇల్లు కాలితే మీ ఆయన లోపలికే పోతాడు. ఎదురిల్లు కాలితే?"

"బయటికొస్తాడు. ఎత్తుకోని పోతాడు బిందె."

"అదీ." గంటను చంకలో పెట్టుకుని వీధి దాటి ఎదురింటికి పోయాడు.

ఎదురింటి అక్క, ఆ పెద్దాయన భార్య, ఆయన పోయినప్పటి నుంచి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. గంట చూడగానే మొహం తిప్పుకుంది. "నా ఇంటికి ఇంగ గంటెందుకప్పా? మోగాల్సినప్పుడు లేదు" అంది. సాయిబు గంటను ఆమె ముందర అరుగు మీద పెట్టి, "ఇది నీ ఇంటిది కాదక్కా. వాళ్ళింటిది. నీ ఇంట్లో మోగుతాది" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. మా వాకిట్లో నిలబడి అటే చూస్తున్న మా ఆయన వైపు చూసింది. "నా మంచం దగ్గర కొట్టు. నాకు బాగా ఇనపడేటట్టు" అంది.

అట్లా మా ఇంటి గంట వాళ్ళింట్లోకి, తర్వాత వాళ్ళింటి గంట మా ఇంట్లోకి వచ్చింది. వీధికి అడ్డంగా రెండు వైర్లు. పోయేవాళ్ళంతా తల ఎత్తి చూసి, "ఆడోళ్ళు మాట్లాడుకునేదానికి టెలిఫోను వేసినారా సాయిబూ?" అనేవాళ్ళు. అత్త ఒకరోజు ఆ వైరు మీద తడి లంగా ఆరేసి సాయిబుతో తిట్లు తినింది.

మళ్ళీ ఎండాకాలం. నీళ్ళ ట్యాంకరు వీధి చివర ఆగింది. నేను బిందెలతో వరసలో నిలబడి ఉన్నాను. అత్త వంటింట్లో పంపు స్టవ్వు ముట్టించబోయి గాలి ఎక్కువ కొట్టింది. మంట ఎగిసి బోద అందుకుంది. ఆమె పెరటి వాకిలి దగ్గరే ఉంది కాబట్టి అటు నుంచే బయటపడి కేకలు పెట్టింది. గంట మోగింది, ఎదురింట్లో. ఆ మోత నాకు ట్యాంకరు దాకా వినిపించింది. బిందె వదిలేసి పరుగెత్తాను.

నేను చూసేసరికి వీధి మధ్యలో మా ఆయన, ఎదురింటి అక్క ఒకరికొకరు ఎదురుపడి ఉన్నారు. ఆయన మగ్గం గుంతలోంచి ఎగిరి దూకి, "అక్కా! అక్కా! బయటికి రా!" అని అరుస్తూ వాళ్ళింటికి పోతున్నాడు. ఆమె వాళ్ళింట్లోంచి మా ఇంటి వైపు వస్తోంది. "మాది కాదబ్బీ, మీదే!" అంటూ రెండు చేతులా ఆయన బనీను పట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి పొగ చూశాడు. కాళ్ళు మళ్ళాయి. "పడుగు..." అన్నాడు. ఆ మాట ఆమె ఇంతకు ముందు ఒకసారి విన్నది.

వదల్లేదు. ఆయన గింజుకున్నాడు, బనీను చిరిగింది, ఆమె మెడ పట్టుకుంది. ఒక ఆడమనిషి వీధి మధ్యలో పరాయి మగవాణ్ణి అట్లా పట్టుకోవడం మా వీధి ఎన్నడూ చూడలేదు. "ఒగాయన పోయినాడు లోపలికి. సాలు. సాలబ్బీ" అంటూనే ఉంది. నేను పోయి ఇంకో పక్క పట్టుకున్నాను. వీధి వాళ్ళు ట్యాంకరు నీళ్ళూ ఇసుకా చల్లారు. బోదకొట్టం బూడిదైంది. తలుపు మాత్రం మూసుకునే ఉంది. అటు పక్క నల్లగా మాడింది, ఇటు పక్క పసుపూ కుంకుమా కూడా చెరగలేదు. మగ్గం మీద చీర ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది.

మా ఆయన అరుగు మీద కూర్చుని చిరిగిన బనీను చూసుకుంటూ, "అది మన గంటే అని నాకు తెలుసు. కాళ్ళకు తెల్దు" అన్నాడు.

సాయిబు విని వచ్చాడు. మమ్మల్ని ఎవర్నీ చూడలేదు, తలుపు చూశాడు. మాడిన వైపు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "బయటికొచ్చినాడా?" అని అడిగాడు. "వచ్చినాడు" అన్నాను. ఆ రోజు ఎదురింటి అక్క అన్నం వండి అందరికీ పెట్టింది. సాయిబు ఇప్పుడైనా కుదురుగా తింటాడని నేను చూస్తూ ఉన్నాను. మూడో ముద్దకే లేచాడు. "అంతసేపు మోగింది గదా, సెల్లులు అయిపోయుంటాయి" అని ఎంగిలి చేత్తోనే గంట దగ్గరికి పోయాడు.

"నీ ఇంటికి పెట్టుకున్యావా అన్నా, గంట?" అని ఆ పొద్దు అడిగాను. అప్పటికి ఆయన కదిరి వెళ్ళిపోవాలని చూస్తున్నాడు, పాత హాలు వాళ్ళు మళ్ళీ పిలిచారు. హాలు వెనకాలే ఒక గది.

"నాకు ఎదురిల్లు లేదు మా. హాలు గోడుండాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కదిరి పోయాక మళ్ళీ రాలేదు. తర్వాత నేను అక్షరాలు నేర్చుకున్నాను, యాభై దాటినాక. పలక మీద కాకుండా సొంతంగా చదివిన మొదటి మాట మా తలుపు పైన ఎర్ర రంగుది. కూడబలుక్కుని చదివి, ఆయనకు చెప్పాలనుకున్నాను. కండెలు అమ్మేవాడు కదిరి నుంచి వస్తే ఆయన సంగతి అడిగాను. పోయాడట. నిప్పు కాదు, ఏమీ కాదు, గుండె. గది తలుపు తెరిచే ఉందట. అయినా చాలాసేపు ఎవరికీ తెలియలేదట.

అనంతపురంలో, ఆ రోజు, చిక్కుడుకాయ చేతిలో పెట్టుకుని నేను వీధిలో నిలబడి చూసింది ఎదురింటి వైపే. పెద్ద ఇనుప గేటు. అది తెరుచుకోలేదు. ఎవరూ బయటికి రాలేదు.

"ఈ గంట ఆ ఇంట్లో పెట్టేదానికి అవుతాదా నాయనా?" అని బిగించే మనిషిని అడిగాను.

"వాళ్ళింట్లో ఎందుకమ్మా? మంట మీ ఇంట్లో కదా?"

"వాళ్ళెవురో మాకు తెల్దవ్వా" అంది మనవరాలు. "మేము వచ్చి ఆరు నెల్లాయ, మొగం గూడా చూడలేదు."

నేను వీధి దాటాను. మనవరాలు వెనకనుంచి పిలుస్తూనే ఉంది. గేటు తట్టాను. ఒకామె కిటికీ తెర తొలగించి చూసి, కొంచెం సేపటికి బయటికి వచ్చింది. గేటు మాత్రం తియ్యలేదు.

"ఎవరు కావాలండీ?"

"ఎవురూ వద్దు మా. ఎదురింటోళ్ళం. ఇందాక గంట మోగింది, ఇన్యావా?"

"విన్నామండీ. మీ ఇంట్లోదే కదా అని..."

ఆమె నా కాళ్ళ వైపు చూసింది, చెప్పులు లేవు. గేటు గడియ తీసింది.